కొసరూ, బక్షీసూ

ఈ మధ్య మా మేనకోడలి పెళ్ళి నిశ్చయమైతే, బట్టలు కొనడానికి అక్కయ్యా బావగార్లతో కలిసి నేనూ ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్ళాను. పెళ్ళి బట్టల బేరం ఎట్లా ఉంటుందో శ్రోతలకు నేను వర్ణించి చెప్పనక్కరలేదు. ఉదయం పదకొండు గంటలకు కూర్చున్నవాళ్ళం దీపాలు పెట్టే వేళకు లేచాము. మాకు చీరెలు చూపించిన అమ్మాయికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయి. మడత విప్పడం, అంచు చూపడం, కొంగు పరచడం, భుజాన వేసుకొని చూపడం, మేము పెదవి విరిస్తే నవ్వుతూ మరొకటి తీయడం. ఇట్లా ఆమె విప్పిన చీరెలు వందకు తక్కువ ఉండవు. మేము అంతసేపూ కూర్చునే ఉన్నాము. ఆమె అంతసేపూ నిలబడే ఉన్నది.

బిల్లు చెల్లించిన తరువాత మా అక్కయ్య రెండువందల రూపాయల నోటు తీసి ఆమె చేతిలో పెట్టబోయింది. ఆ అమ్మాయి రెండు చేతులూ వెనక్కు తీసుకొని, "వద్దమ్మా, ఇక్కడ మేము తీసుకోకూడదు" అన్నది. అంటూనే, కొంచెం దూరాన ఉన్న మేనేజరు వైపు ఒకసారి చూసింది.

ఇంటికి వస్తున్నంతసేపూ అక్కయ్య చిన్నబుచ్చుకొనే ఉన్నది. "నేనేమైనా లంచం ఇచ్చానా? పొద్దుటినుంచి కాళ్ళు పడిపోయేట్టు నిలబడ్డ పిల్ల గదా అని, కాఫీ ఖర్చుకు ఇవ్వబోయాను. అదీ తప్పేనా?" అన్నది. బావగారు ఒప్పుకోలేదు. "ఆ పిల్లకు జీతం ఇవ్వవలసినవాడు దుకాణదారు. మధ్యలో నువ్వెవరు?" అన్నారు.

ఇద్దరి మాటలోనూ సత్యం ఉన్నది. ఎవరి మాటలో ఎంత ఉన్నదో తేల్చుకోవడమే ఈనాటి ప్రసంగం. దుకాణాలలో పనిచేసేవారు కొనుగోలుదారుల నుంచి బక్షీసులు, బహుమానాలు పుచ్చుకోవచ్చునా? పుచ్చుకుంటే ఎప్పుడు, ఎట్లా పుచ్చుకోవచ్చును? ఇది చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. కాని మనలో ప్రతి ఇంటివారికీ నెలలో పదిసార్లయినా ఎదురయ్యే ప్రశ్న ఇది.

మొదట మన మాటలనే చూద్దాము. తెలుగువాని బజారులో పుట్టిన మాట కొసరు. కూరగాయలు తూచిన తరువాత గంపలోనుంచి నాలుగు కరివేపాకు రెబ్బలు తీసి సంచిలో వేయడం, పాలు కొలిచిన తరువాత గిన్నెలో మరికొంచెం వంచడం — ఇది కొసరు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. కొసరు అమ్మేవాని చేతినుంచి కొనేవాని చేతికి వస్తుంది. తూకం పూర్తి అయిన తరువాత వస్తుంది. అందరూ చూస్తుండగా వస్తుంది.

బక్షీసు అన్న మాట పారశీకం నుంచి వచ్చినది. ఇనాము, మామూలు అన్నవి అరబ్బీ మూలం గల మాటలు. ఇనాము ప్రభువు సేవకునికి ఇచ్చేది. ఇనాము భూముల పద్ధతి మన ప్రాంతాలలో 1955, 1956 సంవత్సరాల చట్టాలతో రద్దు అయినా, ఆ మాట వెంట వచ్చిన భావం మాత్రం పూర్తిగా పోలేదు. ఇచ్చేవాడు పైన, పుచ్చుకొనేవాడు క్రింద అన్నదే ఆ భావం. ఇక మామూలు అన్న మాట చరిత్ర మరీ విచిత్రమైనది. వాడుకలో ఉన్నది, అలవాటైనది అని దాని అసలు అర్థం. "మామూలు ఇచ్చావా?" అని అడిగినప్పుడు మాత్రం దాని అర్థం ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అభిమానంతో మొదలైనది అలవాటై, అలవాటు హక్కై, హక్కు బలవంతమైన క్రమం అంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

పూర్వం మన పల్లెలలో కళ్ళంలో ధాన్యం కొలిచే వేళ కుమ్మరికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేరలు కొలిచేవారు. అది ఏడాది పొడుగునా చేసిన పనికి ప్రతిఫలమే గాని దానం కాదు. వీధిబడి అయ్యవారు దసరాకు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగి మామూలు పుచ్చుకొనేవారు. మనకు అది పండుగ వేడుకగా జ్ఞాపకం ఉన్నది. కాని నికరమైన నెలజీతం లేని ఆ గురువుకు అది బ్రతుకుతెరువు. ఎక్కడ జీతం సరిగా లేదో అక్కడ బహుమానం జీతం స్థానాన్ని ఆక్రమిస్తుంది అన్నది దీనివల్ల మనకు తెలిసే సంగతి. ఈ సంగతిని జ్ఞాపకం పెట్టుకొని ముందుకు పోదాము.

పుచ్చుకోవడం తప్పు కాదనేవారి వాదం బలహీనమైనదేమీ కాదు. హోటలులో భోజనం వడ్డించినవానికి పదో ఇరవయ్యో పళ్ళెంలో పెట్టి వస్తాము. వానిని ఎవరూ తప్పు పట్టరు. హోటళ్ళు కొనుగోలుదారుల నుంచి కార్డులద్వారా వసూలుచేసి తమ ఉద్యోగులకు పంచి ఇచ్చే టిప్పుల విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. ఆ సొమ్ము యజమాని ఇచ్చే జీతం క్రిందికి రాదని, అది కొనుగోలుదారు తన ఇష్టం కొద్దీ ఇచ్చినదని 2016 ఏప్రిల్‌లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పినది. ఇష్టం కొద్దీ అన్నమాటే ఇక్కడ ముఖ్యమైనది. అందుకనే బిల్లులో తమంతట తామే సర్వీసు చార్జీ కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4వ తేదీన హోటళ్ళకు మార్గదర్శకాలు జారీచేసినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించినది. ఇష్టముంటే ఇవ్వవచ్చును, బలవంతం మాత్రం కూడదు అని ఈ నిర్ణయాల సారాంశం. మరి వడ్డించినవానికి తగినది, చీరెలు విప్పినవారికి ఎందుకు తగదు అని మా అక్కయ్య అడిగితే, చప్పున సమాధానం చెప్పడం కష్టమే.

అయినా భేదం ఉన్నది. వడ్డించేవాడు మన ఎదుట పెట్టిన భోజనం ఖరీదు ముందే నిర్ణయమై ఉంటుంది. అది తినడం ముగిసిన తరువాతనే మనం జేబులో చేయి పెడతాము. దుకాణంలో పనిచేసేవాని సంగతి అట్లా కాదు. త్రాసు వాని చేతిలో ఉంటుంది. కొలబద్ద వాని చేతిలో ఉంటుంది. ఏ సరుకు క్రొత్తది, ఏది నిలవ ఉన్నది, ఏ రంగు రెండు ఉతుకులకు పోతుంది, కొరతగా ఉన్న సరుకు లోపల ఎంత మిగిలి ఉన్నది — ఇవన్నీ వానికి తెలుసును, మనకు తెలియదు. వాని దగ్గర మనం కొనేది సరుకు ఒక్కటే కాదు, వాని మాట కూడా. ఆ మాట అందరికీ ఒక్కటిగా ఉండాలి. అందులోనే దుకాణం పరువు ఉన్నది, పనివాని పరువూ ఉన్నది.

ఈ సందర్భంలో నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. చెప్పడానికి సంతోషంగా లేదు. మా వీధిలో ఒక మందుల దుకాణం ఉన్నది. అందులో పనిచేసే కుర్రవాడు మంచివాడు, చురుకైనవాడు. మా అమ్మకు నెలనెలా కావలసిన మందులు తానే జ్ఞాపకం పెట్టుకొని తీసి ఉంచేవాడు. నేను దసరాకూ సంక్రాంతికీ వాని చేతిలో కొంత పెడుతూ వచ్చాను. ఇట్లా ఆరేడేళ్ళు గడిచినవి. 2020 మార్చి వచ్చినది. చేతులు శుభ్రం చేసుకొనే శానిటైజరుకు, ముక్కుకు కట్టుకొనే మాస్కుకు ఎంత కరువు వచ్చినదో మీరు మరచిపోయి ఉండరు. ఆ నెల 13వ తేదీన కేంద్ర ప్రభుత్వం ఆ రెంటినీ నిత్యావసర వస్తువులుగా ప్రకటించినది. 21వ తేదీన వాటి ధరలు కూడా నిర్ణయించి, రెండువందల మిల్లీలీటర్ల శానిటైజరు సీసా వంద రూపాయలకు మించరాదన్నది.

ఆ రోజులలోనే ఒక సాయంత్రం నేను ఆ దుకాణానికి వెళ్ళాను. నాకు ముందు ఒక ముసలాయన నిలబడి, ఇంట్లో రోగి ఉన్నదని, ఒక్క సీసా అయినా ఇప్పించమని అడుగుతున్నాడు. "సరుకు లేదు తాతా" అన్నాడు కుర్రవాడు. ఆయన చేతికర్ర ఊతగా మెట్లు దిగి వెళ్ళిపోయినాడు. అప్పుడు ఆ కుర్రవాడు బల్ల క్రిందినుంచి కాగితపు సంచి ఒకటి తీసి నా చేతికిచ్చి, "మీకోసం ఉంచానండి" అన్నాడు. అందులో రెండు సీసాలు ఉన్నవి. బిల్లు సరిగానే ఉన్నది. ఒక్క రూపాయి కూడా ఎక్కువ తీసుకోలేదు. ఆ ముసలాయన ఇంకా వీధి మలుపు తిరగలేదు. పిలిస్తే వినిపించేంత దూరంలోనే ఉన్నాడు. నేను పిలవలేదు. సంచి పట్టుకొని ఇంటికి వచ్చాను.

నేను ఆ కుర్రవానికి ఇచ్చిన బక్షీసులలో ఏ ఒక్కటీ లంచమని నేను అనుకోలేదు. పుచ్చుకున్నప్పుడు వాడూ అట్లా అనుకోలేదు. ఏ పనీ చేసిపెట్టమని నేను అడగలేదు, వాడు మాట ఇవ్వలేదు. అయినా, ఆ సాయంత్రం అవన్నీ కలిసి రెండు సీసాలకు ముందుగా కట్టిన ధరగా పరిణమించినవి. ఆ ధర నిజంగా చెల్లించినవాడు మాత్రం నేను కాదు, ఆ ముసలాయన. బహుమానంలోని చిక్కు అంతా ఇదే. ఇచ్చినవాడు మరచిపోవచ్చును. పుచ్చుకున్నవాడు, అందులోనూ మంచివాడైనవాడు, మరచిపోలేడు. కృతజ్ఞత మంచి గుణమే. కాని త్రాసు పట్టుకున్న చేతికి ఆ కృతజ్ఞత కూడా బరువే.

అన్ని బహుమానాలూ ఇట్లాగే పరిణమిస్తాయని నేను అనడం లేదు. కాని అలవాటుగా మారిన బక్షీసు వల్ల, ఇవ్వలేనివాడు రెండవ తరగతి కొనుగోలుదారు అవుతాడు. మన ఇళ్ళకు వచ్చే గ్యాసు సిలిండరు సంగతి చూడండి. బిల్లులోనే ఇంటికి చేర్చే ఖర్చు కలిసి ఉంటుంది. మూడంతస్తులు భుజాన మోసుకొని వచ్చినవానిని చూసి జాలిపడి ఎవరో ఒకరు మొదట ఇరవై రూపాయలు ఇచ్చి ఉంటారు. అది ఎన్నో చోట్ల రానురాను రేటుగా స్థిరపడినది. ఇవ్వని ఇంటికి సిలిండరు మెట్ల దగ్గరే ఆగిపోవడం చూస్తూనే ఉన్నాము. మొదట ఇచ్చినవారి జాలిలో తప్పు లేదు. కాని ఆ జాలి బరువు ఈనాడు ఇవ్వలేనివారి మీద పడుతున్నది.

బక్షీసు వల్ల పనివానికైనా మేలు కలుగుతుందా అంటే, అదీ సందేహమే. అమెరికాలో టిప్పులు పుచ్చుకొనే ఉద్యోగులకు యజమాని నేరుగా ఇవ్వవలసిన కనీస వేతనం, అక్కడి కేంద్ర చట్టం ప్రకారం, గంటకు రెండు డాలర్ల పదమూడు సెంట్లు. 1991 నుంచి అది పెరగలేదు. ఇతర పనివారికి 2009 నుంచి ఏడు డాలర్ల పాతిక సెంట్లు. టిప్పులతో కలిపినా ఆ మొత్తం రాకపోతే తక్కువైనది యజమాని పూడ్చాలన్న నియమం ఉన్నది. అంతకు మించి ఇచ్చే రాష్ట్రాలూ ఉన్నవి. అయినా, జీతంలో పెద్ద భాగాన్ని యజమాని పద్దునుంచి తీసి కొనుగోలుదారు దయమీద వదలిపెట్టడమే గదా ఇది! బ్రిటనులో మరొక జాగ్రత్త తీసుకున్నారు. 2023లో చేసిన చట్టం 2024 అక్టోబరు 1వ తేదీనుంచి అమలులోకి వచ్చినది. దాని ప్రకారం టిప్పులలో యజమాని భాగం ఉంచుకోరాదు. వాటిని పనివారికి న్యాయంగా పంచాలి. అటువంటి చట్టం అవసరమైనదంటేనే, ఇచ్చిన బహుమానం ఇచ్చినవారి ఉద్దేశం ప్రకారమే చేరుతుందన్న నమ్మకం లేదన్నమాట.

మన దేశంలో ప్రభుత్వోద్యోగులకు ఈ విషయంలో స్పష్టమైన నిబంధనలు ఉన్నవి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం ఉన్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనకు 1964 నాటి నియమావళి ఉన్నది. అందులో కూడా పెళ్ళిళ్ళు, పండుగల వంటి సందర్భాలలో దగ్గరి బంధువులూ స్నేహితులూ ఆచారం కొద్దీ ఇచ్చే కానుకలకు చోటు ఉన్నది. విలువ ఒక హద్దు దాటితే పై అధికారులకు తెలియజేయాలి. అంటే ఆ నియమాలు వ్రాసినవారు అభిమానాన్ని నిషేధించలేదు, దాచిపెట్టడాన్ని నిషేధించారు. దుకాణంలో పనిచేసేవారికి ఈ నియమాలు వర్తించవు. వారికి యజమాని పెట్టిన నిబంధనే నిబంధన. యజమాని వద్దన్న తరువాత చాటుగా పుచ్చుకుంటే, అది పదిరూపాయలైనా నమ్మకద్రోహమే అవుతుంది. కనుక ఆ అమ్మాయి చేతులు వెనక్కు తీసుకోవడం ముమ్మాటికీ సరియైన పని.

అయితే, యజమాని ఏమీ చెప్పని చోట ఏమి చేయాలి? నాకు తోచినది చెబుతాను. కొసరు అన్న మాటలోనే మనకు దారి దొరుకుతుంది. కొసరు తూకం ముగిసిన తరువాత వస్తుంది. బహుమానం కూడా బేరం ముగిసిన తరువాతనే రావాలి, ముందు రారాదు. కొసరు నలుగురి ఎదుట వస్తుంది. బహుమానం కూడా నలుగురి ఎదుట పుచ్చుకోగలిగినదై ఉండాలి. కొసరు చిన్నది. బహుమానం కూడా మనస్సును కట్టిపడవేయనంత చిన్నదై ఉండాలి. అడిగి పుచ్చుకోరాదు. "పెళ్ళి బట్టలు గదా, మాకేమీ లేదా అమ్మా?" అని అడగడం నవ్వుతూ అడిగినా వసూలే. పుచ్చుకొనే ముందు పనివాడు తనను తాను ఒక్క ప్రశ్న వేసుకోవాలి: "దీనిని నేను యజమానికి చెప్పగలనా? నా వెనుక నిలబడ్డ కొనుగోలుదారుకు చెప్పగలనా?" రెంటికీ చెప్పగలనన్న సమాధానం వస్తే పుచ్చుకోవచ్చును. ఏ ఒక్కదానికి సంకోచం కలిగినా, నవ్వి, నమస్కారం పెట్టి, వద్దనడమే మేలు. వచ్చినదానిని ఒక పెట్టెలో వేసి, మూటలు మోసేవారితోనూ, ఊడ్చేవారితోనూ కలిసి పంచుకుంటే ఇంకా మంచిది. చీరె విప్పినవారు మన కంటికి కనిపిస్తారు. విప్పిన ఆ వంద చీరెలనూ మళ్ళీ మడతపెట్టేవారు మనకు కనిపించరు.

కొనుగోలుదారుల వైపునుంచి కూడా ఒక మాట. వద్దన్నవారి జేబులో నోటు కుక్కి రావడం ఔదార్యం కాదు. దానివల్ల వారి ఉద్యోగానికే ముప్పు రావచ్చును. మనకు నిజంగా అభిమానం ఉంటే దానిని చూపడానికి మార్గాలు లేకపోలేదు. విప్పించిన చీరెలను విసిరివేయకుండా మర్యాదగా అందించవచ్చును. ఏకవచనం మానవచ్చును. మంచినీళ్ళు మనకు తెచ్చినప్పుడు, మీరు త్రాగారా అని అడగవచ్చును. అన్నిటికంటె మిన్నగా, పనిచేసినవారి పేరు తెలుసుకొని యజమానికి వారిని గురించి ఒక మంచి మాట చెప్పవచ్చును. ఫిర్యాదులు చెప్పేటప్పుడు మనం మేనేజరును వెదకుతాము. మెప్పు చెప్పేటప్పుడు ఎంతమందిమి వెదకుతున్నాము?

ఇక యజమానుల సంగతి. బక్షీసు పుచ్చుకోరాదని నియమం పెట్టడం వారి హక్కు. కాని ఆ హక్కు వెంట ఒక బాధ్యత ఉన్నది. పుచ్చుకోనక్కరలేనంత జీతం ఇవ్వడమే ఆ బాధ్యత. జీతం మాత్రమే చాలదు. బట్టల దుకాణాలలో రోజంతా నిలబడి పనిచేసేవారికి కూర్చోవడానికి ఆసనం ఉండాలని కేరళ రాష్ట్రం 2018లో చట్టాన్ని సవరించినది. అక్కడి దుకాణాలలో పనిచేసే స్త్రీలు చేసిన ఆందోళన దానికి కారణం. 2021లో తమిళనాడు కూడా ఆ మార్గాన్నే అనుసరించినది. ఆలోచించి చూడండి, ఆ స్త్రీలు కొనుగోలుదారుల నుంచి బక్షీసులు కావాలని అడగలేదు. ఒక కుర్చీ కావాలని అడిగారు. మా అక్కయ్యకు జాలి కలిగినది కూడా ఆ పిల్ల కాళ్ళను చూసే. ఆ కాళ్ళ నొప్పికి రెండువందల రూపాయల నోటు మందు కాదు. పని లేని పది నిమిషాలపాటు కూర్చోవడానికి ఒక పీటే మందు.

పెళ్ళి అయిన వారం రోజులకు మా అక్కయ్య మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళినది. ఈసారి నోటు తీసుకొని పోలేదు, లడ్డూల పెట్టె తీసుకొని పోయినది. తిన్నగా యజమాని దగ్గరకు వెళ్ళి, ఆ అమ్మాయి పేరు చెప్పి, ఎంత ఓపికగా బట్టలు చూపించినదో చెప్పి, పెట్టె ఆయన బల్ల మీద పెట్టి, అందరికీ పంచమన్నది. అందరికీ పంచారు. మేనేజరు కూడా ఒకటి తిన్నాడు. వచ్చేముందు, "ఈ పిల్లలు కూర్చోవడానికి నాలుగు పీటలు వేయించరాదా అండీ?" అని కూడా అడిగి వచ్చిందట. ఆయన "చూస్తానమ్మా" అన్నారట. వేయించినారో లేదో తెలుసుకోవడానికి, వచ్చే పండుగకు బట్టలు అక్కడే కొనాలని మా అక్కయ్య నిశ్చయించుకున్నది.

బావగారు ఈసారి ఏమీ అనలేదు.